కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతంలో బ్రాడ్‌బ్యాండ్, టెలిఫోను, టీవీ ఉమ్మడి సేవల ధరలు

ఇంటికి కావలసిన అంతర్జాలం, టెలిఫోను, టెలివిజన్ ప్రసారాలు అనే మూడు సేవలను ఒకే సంస్థ, ఒకే తీగ ద్వారా, ఒకే నెలసరి బిల్లుతో అందించుటను ఉమ్మడి సేవ లేదా ట్రిపుల్ ప్లే అని అంటారు. తెలంగాణ రాష్ట్రంలోని కామారెడ్డి, ఎల్లారెడ్డి పట్టణాలలో ఈ మూడు సేవలు వేర్వేరు కాలాలలో, వేర్వేరు మార్గాలలో ప్రవేశించినవి. 2005 నుండి నేటి వరకు వీటి ధరలను పరిశీలించినచో ఒక విషయం స్పష్టమగుచున్నది. నెలకు ఇంటివారు చెల్లించే మొత్తం రూపాయలలో పెద్దగా మారలేదు, కాని ఆ మొత్తానికి లభించే సేవ అనేక రెట్లు పెరిగినది. మూడింటిలో టెలిఫోను మాటలకు విడిగా ధర దాదాపు లేకుండా పోయినది. అంతర్జాలం ధర బాగా తగ్గినది. టీవీ ధర మాత్రం ఆ విధంగా తగ్గలేదు. అందువలన నేటి ఉమ్మడి ప్యాకేజీ లాభమా, నష్టమా అనేది ముఖ్యముగా టీవీ భాగం పైననే ఆధారపడి ఉన్నది.

నేపథ్యం

కామారెడ్డి, ఎల్లారెడ్డి రెండునూ పూర్వము నిజామాబాదు జిల్లాలో ఉండేవి. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడినది. ఎల్లారెడ్డి ఈ జిల్లాలోని ఒక రెవెన్యూ డివిజను కేంద్రము. 44వ జాతీయ రహదారి, సికింద్రాబాదు - నిజామాబాదు రైలు మార్గము రెండునూ కామారెడ్డి మీదుగా వెళ్ళుచున్నవి. ఎల్లారెడ్డికి రైలు మార్గము లేదు.

ఈ వ్యత్యాసము రవాణాకే పరిమితము కాదు. దూర ప్రాంతములను కలిపే ఆప్టికల్ ఫైబరు తీగలు సాధారణముగా జాతీయ రహదారులు, రైలు పట్టాల వెంబడి వేయబడినవి. రైల్వే శాఖకు చెందిన రైల్‌టెల్ సంస్థ 2000లో ఏర్పడి పట్టాల వెంట ఫైబరు జాలమును నడుపుచున్నది. ప్రధాన తీగకు దగ్గరగా ఉన్న పట్టణంలో కొత్త సంస్థ సేవ ప్రారంభించుటకు అయ్యే ఖర్చు తక్కువ. అక్కడి నుండి లోపలికి వెళ్ళేకొద్దీ ప్రతి కిలోమీటరుకు తీగ, స్తంభాలు, మరమ్మతుల ఖర్చు పెరుగును, దానిని పంచుకునే ఇండ్లు తగ్గును. ధరల పట్టికలు సాధారణముగా రాష్ట్రమంతటికీ లేదా దేశమంతటికీ ఒకటే అయినప్పటికీ, ఒక ఊరిలో ఎన్ని సంస్థల సేవలు లభించుననేది ఈ కారణము చేత మారుచుండును. పోటీ లేని చోట తక్కువ ధర కాగితముపైననే ఉండును.

టెలిఫోను

2000 అక్టోబరు 1న భారత సంచార్ నిగమ్ లిమిటెడ్ (బీఎస్ఎన్ఎల్) టెలిఫోను సేవలను కేంద్ర టెలికాం శాఖ నుండి స్వీకరించినది. ఛార్జీల లెక్కకు కామారెడ్డి (08468), ఎల్లారెడ్డి (08465) వేర్వేరు ప్రాంతములు. దూరమును బట్టి మాట ధర పెరిగే విధానము అప్పుడు అమలులో ఉండినది.

2006 మార్చి 1న బీఎస్ఎన్ఎల్ ప్రవేశపెట్టిన వన్ ఇండియా ప్లాను దూరముతో నిమిత్తము లేకుండా దేశములో ఎక్కడికైనను స్థిర టెలిఫోను నుండి నిమిషమునకు 1 రూపాయి ధరను నిర్ణయించినది. దీని నెలసరి అద్దె 180 రూపాయలు. గల్ఫ్ దేశములకు వలస వెళ్ళినవారు అధికముగా గల ఈ ప్రాంతములో విదేశీ మాటల ఖర్చు మాత్రము చాలా కాలము భారముగానే ఉండినది.

తరువాతి పెద్ద మార్పు 2015లో వచ్చినది. ఒక సంస్థ నుండి మరియొక సంస్థకు మాట చేరినప్పుడు చెల్లించవలసిన ముగింపు రుసుమును స్థిర టెలిఫోను మాటలకు టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ (ట్రాయ్) 2015 మార్చి నుండి రద్దు చేసినది. ఆ తరువాత 2015 మే 1 నుండి రాత్రి 9 గంటల నుండి ఉదయం 7 గంటల వరకు స్థిర టెలిఫోను నుండి దేశములోని ఏ ఫోనుకైనను మాటలు ఉచితమని బీఎస్ఎన్ఎల్ ప్రకటించినది. మొబైలు ఫోన్ల మధ్య ఇదే రుసుము 2021 జనవరి 1 నుండి సున్నా అయినది. మాటకు విడిగా ధర లేకపోవుట వలననే నేడు ప్రతి ఫైబరు ప్యాకేజీలోను అపరిమిత కాల్స్ అనే మాట కనిపించుచున్నది. ఇది సంస్థ ఇచ్చే కానుక కాదు, దాదాపు ఖర్చు లేని భాగము.

బ్రాడ్‌బ్యాండ్

భారత ప్రభుత్వము 2004లో ప్రకటించిన బ్రాడ్‌బ్యాండ్ విధానము ప్రకారము కనీసము 256 కేబీపీఎస్ వేగము గల సంబంధమును బ్రాడ్‌బ్యాండ్ అని పిలిచేవారు. ఈ కనీస వేగము 2013లో 512 కేబీపీఎస్‌కు, 2023లో 2 ఎంబీపీఎస్‌కు పెంచబడినది.

బీఎస్ఎన్ఎల్ 2005 జనవరిలో డేటావన్ అనే పేరుతో టెలిఫోను రాగి తీగల పైననే బ్రాడ్‌బ్యాండును ప్రారంభించినది. తొలి సంవత్సరములలో ప్రాచుర్యము పొందిన హోమ్ 250 ప్లానులో 250 రూపాయలకు 400 ఎంబీ, హోమ్ 500 ప్లానులో 500 రూపాయలకు 1 జీబీ మాత్రమే నెలకు లభించేవి. పరిమితి దాటినచో ప్రతి ఎంబీకి అదనపు రుసుము ఉండేది. 2007 జనవరి 1 నుండి వేగము 2 ఎంబీపీఎస్ వరకు పెంచబడినది. అయితే ఆ వేగముతో 400 ఎంబీ నిరంతరముగా వాడినచో అరగంట లోపే అయిపోవును. ధర తక్కువగా కనిపించినను బిల్లు పెరుగుటకు ఇదియే కారణము. కొన్ని ప్లానులలో రాత్రి 2 గంటల నుండి ఉదయం 8 గంటల వరకు వాడకము లెక్కించబడేది కాదు. అందువలన దింపుకోవలసిన ఫైళ్ళను ఆ సమయమునకు నిర్ణయించి నిద్రపోవుట వాడుకదారులకు అలవాటైనది.

రాగి తీగపై వేగము ఎక్స్ఛేంజి నుండి దూరము పెరిగేకొద్దీ తగ్గును. పట్టణం అంచులలోని కాలనీలకు, చుట్టుపక్కల గ్రామాలకు ఇది పెద్ద అవరోధము. ఆప్టికల్ ఫైబరుకు ఈ ఇబ్బంది దాదాపు లేదు.

2010 తరువాతి దశాబ్దములో బీఎస్ఎన్ఎల్ కాంబో ప్లానులు వచ్చినవి. వీటిలో టెలిఫోను అద్దె, బ్రాడ్‌బ్యాండు ఒకే ధరలో కలిపి ఉండును. ఉమ్మడి సేవలో ఇది తొలి మెట్టు. పరిమితి దాటిన తరువాత అదనపు రుసుమునకు బదులు వేగమును తగ్గించే పద్ధతి కూడా ఈ కాలములోనే స్థిరపడినది. తగ్గించిన వేగము 512 కేబీపీఎస్ కన్న తక్కువ ఉండరాదని ట్రాయ్ 2016లో ఆదేశించినది.

2016 సెప్టెంబరులో రిలయన్స్ జియో మొబైలు సేవలు ప్రారంభమైన తరువాత అంతర్జాలపు ధరలు వేగముగా పడిపోయినవి. 2019 సెప్టెంబరు 5న జియోఫైబర్ 699 రూపాయల నుండి 8,499 రూపాయల వరకు గల ప్లానులతో వాణిజ్యపరముగా మొదలైనది. ఒక సంవత్సరము తరువాత, 2020 సెప్టెంబరు 1 నుండి 30 ఎంబీపీఎస్ ప్లాను ధరను 399 రూపాయలుగా ప్రకటించినది. అదే నెలలో ఎయిర్‌టెల్ 499 రూపాయలకు 40 ఎంబీపీఎస్ ప్లానును, 2020 అక్టోబరు 1 నుండి బీఎస్ఎన్ఎల్ 449 రూపాయలకు 30 ఎంబీపీఎస్ వేగముతో నెలకు 3,300 జీబీ ఇచ్చే ఫైబర్ బేసిక్ ప్లానును తెచ్చినవి.

2006 నాటి హోమ్ 500 ప్లానుతో ఫైబర్ బేసిక్‌ను పోల్చినచో ధర 51 రూపాయలు తగ్గినది, వేగము తొలినాటి 256 కేబీపీఎస్‌కు సుమారు 117 రెట్లు అయినది, నెలసరి పరిమితి 1 జీబీ నుండి 3,300 జీబీకి పెరిగినది.

టెలివిజన్

కేబుల్ టీవీ 1990వ దశకములో స్థానిక ఆపరేటర్ల ద్వారా చిన్న పట్టణములకు చేరినది. 1995లో కేబుల్ టెలివిజన్ నెట్‌వర్కుల (నియంత్రణ) చట్టము వచ్చినది. నెలసరి రుసుము ఆపరేటరుకు, ఇంటివారికి మధ్య మాట ప్రకారము నడిచేది, రసీదు అరుదు. 2004 డిసెంబరులో దూరదర్శన్ ప్రారంభించిన డీడీ డైరెక్ట్ ప్లస్ (తరువాత డీడీ ఫ్రీ డిష్) నెలసరి రుసుము లేని ప్రత్యామ్నాయముగా నిలిచినది.

కేబుల్ ప్రసారములను డిజిటల్ చేయుటకు 2011లో చట్టము సవరించబడినది. మహానగరములతో 2012లో మొదటి దశ, హైదరాబాదు వంటి పెద్ద నగరములతో 2013లో రెండవ దశ జరిగినవి. మూడవ దశలో మిగిలిన పట్టణ ప్రాంతములు, నాలుగవ దశలో గ్రామీణ ప్రాంతములు చేర్చబడినవి. కామారెడ్డి అప్పటికే పురపాలక సంఘము. ఎల్లారెడ్డి 2018లో పురపాలక సంఘమైనది, అంతవరకు గ్రామ పంచాయతీయే. ఆ విధముగా ఒకే జిల్లాలోని రెండు పట్టణములు సెట్‌టాప్ బాక్సు విషయములో వేర్వేరు దశలలోకి వచ్చినవి.

2019 ఫిబ్రవరి నుండి ట్రాయ్ కొత్త ధరల విధానము అమలులోకి వచ్చినది. దీని ప్రకారము 100 సాధారణ ఛానళ్ళకు గరిష్ఠముగా 130 రూపాయల నెట్‌వర్క్ రుసుము, దానిపై 18 శాతం వస్తు సేవల పన్నుతో కలిపి 153.40 రూపాయలు చెల్లించవలెను. రుసుము గల ఛానళ్ళకు విడిగా ధర ఉండును. 2020 సవరణతో 130 రూపాయలకే 200 ఛానళ్ళు ఇవ్వవలసి వచ్చినది. 2024 జూలైలో ట్రాయ్ ఈ నెట్‌వర్క్ రుసుముపై గరిష్ఠ పరిమితిని తొలగించినది.

ఈ విధానములో వేరే ఒప్పందము లేనిచో నెట్‌వర్క్ రుసుములో 55 శాతము ప్రధాన పంపిణీ సంస్థకు, 45 శాతము స్థానిక ఆపరేటరుకు చెందును. అనగా 130 రూపాయలలో వీధిలో తీగ లాగి, గాలివానకు తెగినప్పుడు అతుకు వేసే ఆపరేటరుకు 58.50 రూపాయలు మిగులును. కేబుల్ ఆపరేటర్లు బ్రాడ్‌బ్యాండు అమ్మకమునకు పూనుకొనుటకు ఇది ముఖ్య కారణములలో ఒకటి. రైల్‌టెల్ వారి రైల్‌వైర్, బీఎస్ఎన్ఎల్ వారి భారత్ ఫైబర్ వంటి సేవలు స్థానిక ఆపరేటర్ల భాగస్వామ్యముతోనే ఇండ్లకు చేరుచున్నవి.

ఉమ్మడి ప్యాకేజీల రాక

మూడు సేవలను ఒకే ధరకు అందించుట భారతదేశములో పుట్టిన పద్ధతి కాదు. ఫ్రాన్సులో ఫ్రీ అనే సంస్థ 2002లో ఫ్రీబాక్స్ పరికరముతో 29.99 యూరోల ఏక ధరను ప్రవేశపెట్టి, 2003లో దానికే టెలిఫోనును, టీవీని జోడించినది. ఇతర సంస్థలు కూడా ఆ ధర దరిదాపులకే రావలసి వచ్చినది.

తెలుగు ప్రాంతములో ఇటువంటి ప్రయోగము పెద్ద ఎత్తున జరిగినది ఆంధ్రప్రదేశ్‌లో. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ అయిన ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ లిమిటెడ్ తీగలను భూమిలో పాతుటకు బదులు విద్యుత్ స్తంభములపై వేసి ఖర్చు తగ్గించుకొన్నది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ పథకమును ప్రారంభించినారు. ప్రాథమిక ప్యాకేజీ ధర నెలకు 149 రూపాయలు. దీనిలో 15 ఎంబీపీఎస్ వేగముతో 5 జీబీ, ఆ పైన 1 ఎంబీపీఎస్ వేగముతో అంతర్జాలము, సుమారు 250 టీవీ ఛానళ్ళు, టెలిఫోను ఉండినవి. 2019 ఫిబ్రవరి నుండి అమలులోకి వచ్చిన ట్రాయ్ విధానములో కేవలము ఛానళ్ళ పంపిణీకి అనుమతించిన గరిష్ఠ రుసుము 130 రూపాయలు అనే విషయమును గమనించినచో 149 రూపాయల ధర ఎంత తక్కువో తెలియును.

తెలంగాణలో 2015లో ఏర్పడిన తెలంగాణ ఫైబర్ గ్రిడ్ కార్పొరేషన్ (టీ-ఫైబర్) మరియొక మార్గమును ఎంచుకొన్నది. తాగునీటి పథకమైన మిషన్ భగీరథ గొట్టముల కొరకు త్రవ్విన కందకములలోనే ఫైబరు గొట్టములను కూడా వేయుట దీని ప్రత్యేకత. 2024 డిసెంబరులో అడవి శ్రీరాంపూర్, సంగుపేట, మద్దూరు గ్రామములలో ప్రయోగాత్మకముగా సేవలు ప్రారంభమైనవి. నెలకు 300 రూపాయలకు అంతర్జాలము, టెలిఫోను, టీవీ సేవలు అందించుట లక్ష్యమని రాష్ట్ర ప్రభుత్వము ప్రకటించినది. ఈ మూడు గ్రామములలో ఏదియు కామారెడ్డి జిల్లాలోనిది కాదు.

ప్రైవేటు సంస్థలలో ఎయిర్‌టెల్ 2021 జూలైలో ఫైబరు, డీటీహెచ్, మొబైలు సేవలను ఒకే బిల్లులో కలిపే ఎయిర్‌టెల్ బ్లాక్‌ను ప్రారంభించినది. 2023 సెప్టెంబరు 19న జియో ఎయిర్‌ఫైబర్ హైదరాబాదుతో సహా 8 నగరములలో 599 రూపాయల నుండి మొదలైనది. దీనిలో ఇంటి వరకు తీగ ఉండదు. ఇంటిపై అమర్చిన పరికరము 5జీ తరంగములను అందుకొనును. తీగ వేయుటకు ఖర్చు అధికమయ్యే చిన్న పట్టణములకు ఈ పద్ధతి అనుకూలమైనది.

ప్యాకేజీలో టీవీ అనగా

ఉమ్మడి ప్యాకేజీలలో టీవీ అనే మాటకు రెండు అర్థములు ఉన్నవి. మొదటిది కేబుల్ లేదా ఐపీటీవీ ద్వారా వచ్చే ఛానళ్ళు. ఇవి ట్రాయ్ ధరల విధానమునకు లోబడి ఉండును. రెండవది అంతర్జాలము ద్వారా చూచే ఓటీటీ యాప్‌లు. వీటికి ట్రాయ్ ధరల విధానము వర్తించదు. సంస్థ, యాప్ యాజమాన్యముల మధ్య ఒప్పందము ముగిసినచో యాప్ ప్యాకేజీ నుండి తొలగిపోవచ్చును. పైగా యాప్‌లు ఇంటి డేటాను వాడుకొనును, పాత టీవీలకు వేరొక పరికరము అవసరమగును. అందువలన ప్యాకేజీలో ఇన్ని ఛానళ్ళు, ఇన్ని యాప్‌లు అని ఉన్నప్పుడు ఆ ఇంటివారు నిత్యము చూచే తెలుగు ఛానళ్ళు ఏ మార్గములో వచ్చునో తెలుసుకొనుట ముఖ్యము.

అసలు ధరను లెక్కించు విధానము

ప్రకటనలలో కనిపించే ధరలో సాధారణముగా పన్ను కలిసి ఉండదు. 2017 జూలై 1 నుండి టెలికాం, కేబుల్ సేవలపై వస్తు సేవల పన్ను 18 శాతము. అంతకు ముందు సేవా పన్ను 15 శాతముగా ఉండినది. ప్రకటిత ధరలతో ఒక ఉదాహరణ:

విడివిడిగా తీసుకొన్నచో: 449 రూపాయల ఫైబరు ప్లాను పన్నుతో 529.82 రూపాయలు. కేబుల్ నెట్‌వర్క్ రుసుము 130 రూపాయలు పన్నుతో 153.40 రూపాయలు. మొత్తము 683.22 రూపాయలు. రుసుము గల ఛానళ్ళ ధర దీనికి అదనము.

కలిపి తీసుకొన్నచో: 599 రూపాయల ఎయిర్‌ఫైబర్ ప్లాను పన్నుతో 706.82 రూపాయలు. అంతర్జాల వేగము ఇందులోను 30 ఎంబీపీఎస్. ఛానళ్ళు, కొన్ని యాప్‌లు ఇందులోనే కలిసి ఉన్నవి.

రెండింటికీ తేడా 23.60 రూపాయలు. రుసుము గల ఛానళ్ళకు నెలకు ఇంతకంటె ఎక్కువ చెల్లించే ఇంటికి ఉమ్మడి ప్యాకేజీ లాభము. ఉచిత ఛానళ్ళతో సరిపెట్టుకొనే ఇంటికి విడి సేవలే చౌక. ఫ్రీ డిష్ ఉన్న ఇంటికి టీవీ కొరకు నెలసరి ఖర్చే లేదు కనుక ఆ ఇంటివారు ప్యాకేజీలోని టీవీ భాగమునకు చెల్లించేది పూర్తిగా అదనము.

వీటితో పాటు పరికరముల ఖర్చును కూడా లెక్కలోకి తీసుకోవలెను. అమరిక రుసుము 1,000 రూపాయలైనచో, సేవను 6 నెలలకే మానివేసిన ఇంటికి అది నెలకు సుమారు 167 రూపాయల భారము. రెండు సంవత్సరములు వాడిన ఇంటికి నెలకు సుమారు 42 రూపాయలు మాత్రమే. ఆరు నెలలకు లేదా సంవత్సరమునకు ముందుగా చెల్లించిన వారికి కొన్ని సంస్థలు అమరిక రుసుమును మినహాయించుచున్నవి. అయితే మరమ్మతు చేయుటకు మనిషి రాని ఊరిలో సంవత్సరపు సొమ్మును ముందుగా చెల్లించుట వలన సంస్థను మార్చుకొనే వెసులుబాటు పోవును.

కుటుంబాలపై ప్రభావము

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములో వ్యవసాయము, బీడీల తయారీ, గల్ఫ్ వలస అనేక కుటుంబములకు జీవనాధారములు. నెలనెలా ఒకే విధముగా ఆదాయము రాని ఇంటికి ఒకేసారి చెల్లించే 700 రూపాయలు, వేర్వేరు తేదీలలో చెల్లించే 530, 153 రూపాయలు ఒకటి కావు. విడి సేవలలో సొమ్ము లేని నెలలో ఒకదానిని ఆపి రెండవదానిని కొనసాగించవచ్చును. ఉమ్మడి సేవలో గడువు దాటినచో టీవీ, అంతర్జాలము, టెలిఫోను మూడునూ ఒకేసారి నిలిచిపోవును. తీగ తెగినప్పుడు కూడా ఇదే పరిస్థితి.

కోవిడ్-19 కాలములో ఈ విషయము ప్రాధాన్యము సంతరించుకొన్నది. 2020 సెప్టెంబరు 1 నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ళ ద్వారా పాఠములు ప్రసారమైనవి. అంతర్జాలము లేని ఇంటిలో టీవీయే తరగతి గది. కేబుల్ రుసుము చెల్లించలేని నెలలో ఆ గది కూడా మూసుకొన్నట్లే.

వలస కుటుంబములకు అంతర్జాలమే టెలిఫోను. గల్ఫ్ నుండి వచ్చే వీడియో మాటలకు ప్యాకేజీలోని అపరిమిత కాల్స్ పనికిరావు, అవి దేశములోపలి మాటలకే వర్తించును. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో వాట్సాప్ మాటలకు అనుమతి లేనందున అక్కడివారు ఆ దేశములో అనుమతించిన వేరే యాప్‌లకు రుసుము చెల్లించి మాట్లాడుచున్నారు. అనగా ఇక్కడి ఇంటిలో ధర తగ్గినను ఆ కుటుంబపు మొత్తము ఖర్చు ఆ మేరకు తగ్గదు.

ఫిర్యాదులు

సేవా లోపము లేదా అధిక బిల్లు విషయములో మొదట సంస్థ వినియోగదారుల కేంద్రములో ఫిర్యాదు నమోదు చేసి సంఖ్యను పొందవలెను. అక్కడ పరిష్కారము లభించనిచో అదే సంస్థలోని అప్పిలేటు అధికారికి విన్నవించుకోవచ్చును. ట్రాయ్ వ్యక్తిగత ఫిర్యాదులను స్వయముగా విచారించదు. టెలికాం సేవల విషయములో వినియోగదారుల కమిషన్‌ను నేరుగా ఆశ్రయించవచ్చునని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టము చేసినది. ఇందుకు రసీదు, ప్లాను వివరములు, ఫిర్యాదు సంఖ్య ఆధారములు. నెలసరి సొమ్మును చేతికిచ్చి రసీదు తీసుకోని పాత కేబుల్ అలవాటు కొనసాగుచున్న ఇండ్లలో ఈ ఆధారములే లేకుండా పోవును.